సోమవారం గడి లేని పుస్తకం

41వ వారం, శుక్రవారం

వచ్చినవాళ్లు 912. పనిచేస్తున్న మంచు యంత్రాలు ఆరుకి ఆరు. కడిగిన ముక్కులు 144.

ఈ పుస్తకం ఎవరు తెరిచినా అర్థమయ్యేలా రాయమని కొత్త మేనేజరు హేమచందర్ గారు చెప్పారు. అందుకని మొదట్నించీ చెప్తాను. నా పేరు పాంగి చిలకమ్మ. ముసురుకొండ మీద మంచు నడిపేది నేను. ముక్కులంటే యంత్రం నీళ్లను పొగలా చిమ్మే సన్న గొట్టాలు. వారమంతా ఖాళీగా ఉంటే వాటికి సున్నం పట్టేస్తుంది. మధ్యాహ్నం నుంచీ నేనూ బొంజన్నా కూర్చుని ఒక్కోదాన్నీ సూదితో పొడిచి శుభ్రం చేశాం. బొంజన్న మా మెకానిక్. నా కంటే ఎనిమిదేళ్లు పెద్ద, నా కంటే ఎనభై మాటలు ఎక్కువ.

"నా పిల్లల ముక్కులు కూడా ఇంత సుబ్బరంగా తుడవనేదు సెల్లీ" అని ప్రతి శుక్రవారం అంటాడు. ప్రతి శుక్రవారం నేను నవ్వను.

నాలుగింటి నుంచి తీగ మీద వేలాడుతూ తీగబండ్లు రావడం మొదలైంది. నీడనగరం వాళ్లు దిగగానే తలెత్తి ఆకాశం చూస్తారు. పైకప్పు కింద పుట్టి పైకప్పు కింద పెరిగినవాళ్లు మరి. పద్నాలుగు నెలలకోసారి ఒక్కొక్కరికి కొండ వంతు వస్తుంది. శని, ఆదివారాలు, అంతే. ఆ రెండు రోజుల్లో వాళ్లకి కావలసింది ఒకటే. తెల్లవారేసరికి కొండ అంచున బెంచీ మీద కూర్చుంటే కాళ్ల కింద మబ్బుల సముద్రం ఉండాలి. అది తయారుచేయడమే మా పని.

శనివారం

ఐదింటికి యంత్రాలకి నీళ్లు వదిలే చక్రం తిప్పాను. దీని రిమోటు ఎప్పుడో పాడైంది, చేత్తోనే తిప్పాలి. ఐదున్నరకల్లా లోయ నిండింది. సూర్యుడు రాగానే తొమ్మిది వందల గొంతులు ఒక్కసారి "ఆ" అన్నాయి. తొమ్మిదేళ్లుగా వింటున్నాను, ఇప్పటికీ ఆ "ఆ" అంటే నాకిష్టం.

ఒక చిన్నపిల్ల తన నోట్లోంచి వచ్చే ఆవిరి చూసుకుని, కాలిపోతున్నాననుకుని ఏడ్చింది. ఆ పిల్ల పక్కన కూర్చున్న మాణిక్యాంబ గారనే పెద్దావిడ తనూ ఆవిరి వదిలి చూపించి ఊరుకోబెట్టారు. ఈవిడ మాకు కొత్త కాదు. ఎవరు కొండకి రాలేమన్నా వాళ్ల వంతు తను పుచ్చుకుని ఎక్కేస్తారు. ఈ ఏడాదిలో ఇది నాలుగోసారి.

ఆదివారం

అందరూ దిగారు. నాలుగింటికి మెయిన్ స్విచ్ ఆపేశాను. గెడ్డ అంటే మా వాగు. దాని ఊట లోతు కొలకర్రతో చూశాను. 24 వేళ్లు.

పోయిన ఆదివారం 26. యంత్రాలు తాగేది ఈ ఊటే, మా ఇరవై రెండిళ్లు తాగేదీ ఈ ఊటే. ఆదివారం కొలతలో ఇరవైకి దిగితే ఊరు ఖాళీ చేయాలని నీటి శాఖ కాగితం పంపింది. నీడనగరంలో మాకు ఇరవై రెండు గదులు సిద్ధంగా ఉన్నాయట, కిటికీలో కొండ బొమ్మ కూడా వేయిస్తారట. యంత్రాలు ఆపేద్దామా అంటే, మబ్బు లేకపోతే జనం రారు. జనం రాకపోతే తీగబండి ఉండదు, మాకు పనీ ఉండదు. అప్పుడూ దిగిపోవాల్సిందే. ఎటు చూసినా ఆ కొండబొమ్మ కిటికీయే.

నేను దిగను. ఎలాగో తెలీదు, కానీ దిగను.

మంగళవారం (అంచులో రాస్తున్నాను)

ఈ పుస్తకంలో వారానికి మూడే గళ్లున్నాయి. శుక్ర, శని, ఆది. మిగతా రోజులకి గడి లేదు, ఎందుకంటే ఆ రోజుల్లో కొండ మీద మనుషులుండకూడదు. అడవి నాశనమయ్యాక పెట్టిన నియమమది, కొండకి వారానికి నాలుగు రోజుల విశ్రాంతి. మాకూ అలవాటైపోయింది. ఆదివారం దిగితే సోమవారం సంత, మంగళవారం సంతలో తెచ్చిన చేపలు, బుధవారం నిద్ర. ఊరు చిన్నకొండ వెనక ఉంటుంది కాబట్టి ఇక్కణ్ణించి ముసురుకొండ నెత్తి కనబడదు. చూడాలని కూడా ఎవరూ అనుకోం.

ఇంతకీ ఈ అంచులో ఎందుకు రాస్తున్నానంటే, ఇవాళ మాణిక్యాంబ గారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, నా పళ్లసెట్టు మీ టీకొట్టులో గ్లాసులో వదిలేశాను. గురువారం మా మేనకోడలి పెళ్లి భోజనం. పాయసం తాగి వచ్చేయమంటావా?"

"సుక్రవారం పంపిస్తాను మామ్మగారూ. ఈలోగా కొండెక్కకూడదు."

"అప్పటికి పెళ్లికూతురు కాపురానికి కూడా వెళ్లిపోతుంది. నీకు పుణ్యముంటుంది, ఎక్కవే."

పళ్లు లేక ఆవిడ మాటలు గాలికి పోయి తస్సు బుస్సుమంటున్నాయి. పాపం అనిపించింది. రేపు తెల్లవారకుండానే వెళ్లి తెచ్చేస్తాను. ఎవరికీ చెప్పను.

బుధవారం (అంచులో)

చెప్పకుండా ఉండలేను.

నాలుగున్నరకి బయల్దేరాను. గెడ్డ దాటేసరికి ఒళ్లంతా చెమ్మ. చెమట అనుకున్నాను. నేరేడు తోపులోకి వచ్చేసరికి నా చెయ్యి నాకు కనబడలేదు. యంత్రం ఎవరో వదిలేశారనుకున్నాను. పరుగెత్తి యంత్రాలుండే మంచుగదికి వెళ్లి చూస్తే తాళం తాళంలాగే ఉంది, చక్రం చక్రంలాగే ఉంది. ఆరు యంత్రాలూ పొడిగా పడుకున్నాయి.

కొండ అంచుకి వచ్చి కూర్చున్నాను. లోయ నిండా మబ్బు. మాది చిక్కటి పాలలా ఒకే తీరున ఉంటుంది. ఇది అలా కాదు. కదులుతోంది, తోపులోకి పాకుతోంది, చెట్లకి తగిలి ఆగిపోతోంది. ఆగిన చోటల్లా ఆకుల్లోంచి చుక్కలు. అడవంతా టపటపమని ఒకటే చప్పుడు.

ఆ చెట్లు మా అమ్మ సుక్రి వాళ్లు నాటినవి. అడవి పోయి మంచు పోయాక, చెట్లొస్తే మంచొస్తుందని ఊరంతా నలభై ఏళ్ల కింద నాటారు. అప్పుడూ ఇదే నియమం, నాటేవాళ్లకి కూడా శని, ఆదివారాలే. అమ్మ ప్రతి శనివారం ఎక్కి చూసేది. యంత్రాలొచ్చాక ఆ మంచు చూసి మొహం తిప్పుకునేది. "ఇది మనది కాదే" అనేది. నాలుగేళ్ల కింద పోతూ పోతూ కూడా "ఇంకా రానేదేటే" అనడిగింది. రాలేదమ్మా అన్నాను నేను.

మా అమ్మ చూసినవన్నీ శనివారాలే. నేను అక్కడే కూర్చుని పెద్దగా ఏడ్చాను.

వచ్చేటప్పుడు ఊట కొలిచాను. 25. ఆదివారం కంటే ఒక వేలు ఎక్కువ. పళ్లసెట్టు తెచ్చి, నీడనగరం వెళ్లేవాళ్ల చేత మామ్మగారికి పంపించేశాను.

గురువారం (అంచులో)

బొంజన్నని లాక్కెళ్లాను. దారి పొడుగునా మోకాళ్లని తిడుతూ వచ్చాడు. తోపు చేరాక తిట్లు ఆగాయి. టోపీ తీసి, తడి పిండి, మళ్లీ పెట్టుకున్నాడు.

"తొమ్మిదేళ్ల బట్టి ముక్కులు తుడుస్తన్నాం సెల్లీ" అన్నాడు. "ఎనకాల ఇది జరగతంటే."

ఊట 26.

42వ వారం, శుక్రవారం

వచ్చినవాళ్లు 940. ఊట మధ్యాహ్నం 27. ఆఫీసు గదికి వెళ్లి హేమచందర్ గారికి చెప్పాను. విశ్రాంతి రోజున కొండెక్కానని కూడా చెప్పాను. ఆయన మంచివాడే. టీ ఇచ్చి కూర్చోబెట్టి విన్నారు.

"నాలుగు రోజుల్లో రెండు రోజులు చూశారు. సరే. రేపు శనివారం వస్తుందని రాసివ్వగలరా చిలకమ్మ గారూ?"

"రాసివ్వలేను బాబూ."

"వీళ్లు పద్నాలుగు నెలలు ఎదురుచూసి వచ్చారు. మబ్బు రాలేదు, మళ్లీ పద్నాలుగు నెలలకి రండి అని నేనెలా చెప్పను?"

టీ గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

శనివారం

ఐదింటికి చక్రం తిప్పాను.

ఆదివారం

అసలు మంచు రెండు రోజులూ రాలేదు. ఊట 22.

అయితే ఒకటి గమనించాను. యంత్రాల వెనక ఇంత ఇంత పంకాలు ఉంటాయి, మంచుని లోయలోకి తోయడానికి. జనానికి చలి వేయకుండా బెంచీల కింద వేడి తీగలుంటాయి. అసలు మంచు రావాలంటే గాలి కదలకూడదు, నేల చల్లబడాలి. మేం శుక్రవారం రాగానే చేసేవి రెండే పనులు, గాలిని కదపడం, నేలని వేడి చేయడం. దాన్ని గుమ్మంలోంచి గెంటేసి, రాలేదు రాలేదని మేమే ఏడుస్తున్నాం.

42వ వారం, అంచులో

సోమవారం మంచు వచ్చింది. మంగళవారం వచ్చింది. బుధవారం గాలి వీచింది, రాలేదు. గురువారం వచ్చింది. వచ్చాక బొంజన్న నీళ్లు లేకుండా ఒక్క పంకా వేసి చూశాడు. పావుగంటలో ఆ పక్కంతా విరిగిపోయింది. పంకా ఆపితే అరగంటకి మళ్లీ మూసుకుంది. రెండుసార్లు చేశాం, రెండుసార్లూ అంతే.

శుక్రవారం మధ్యాహ్నానికి ఊట 25. యంత్రాలు వారానికి ఐదు వేళ్లు తాగుతాయి. ఇరవై ఐదులోంచి ఐదు పోతే ఎంతో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఈ ఆదివారంతో మా ఊరి పని అయిపోతుంది.

43వ వారం, శుక్రవారం

వచ్చినవాళ్లు 927. కడిగిన ముక్కులు సున్నా.

చక్రం పిడి ఊడదీసి కొంగులో చుట్టి నడుముకి కట్టుకున్నాను. హేమచందర్ గారికి ఎదురెళ్లి చెప్పాను.

"ఈ వారం తిప్పను బాబూ."

ఆయన ముఖం పాలిపోయింది. "మీ ఉద్యోగం పోతుంది."

"తిప్పితే ఊరే పోతాది. ఉజ్జోగం సిన్నది."

"తెల్లవారి మబ్బు లేకపోతే వాళ్లకి జవాబు మీరే చెప్పండి. నేను చెప్పను" అని మైకు నా చేతికిచ్చి పక్కకి జరిగారు.

ఎప్పుడూ మైకు పట్టలేదు. బెంచీ ఎక్కి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇన్నేళ్లూ మీకు చూపించింది యంత్రపు మంచు, దానికోసం మా ఊట ఎండిపోతోంది. అసలుది మీరు లేనప్పుడు వస్తోంది. ఈ రెండు తెల్లవారుజాములూ దానికోసం కూర్చుందాం. రాకపోవచ్చు కూడా. రాకపోతే తిట్లన్నీ నాకే తిట్టండి, మేనేజరు గారిని ఏమీ అనకండి.

ఒకాయన టికెట్టు చూపించి అరిచాడు. ఒకావిడ మాది పెళ్లిరోజండీ అంది, కోపంగా కాదు, దిగులుగా. నాకు ఆవిడ దిగులే ఎక్కువ తగిలింది. గుంపులోంచి మాణిక్యాంబ గారు చెయ్యెత్తారు. ఈసారి ఎవరి వంతు పుచ్చుకుని వచ్చారో మరి.

"అమ్మాయ్, చలికి ఏమైనా ఇస్తారా, లేక మంచుతో పాటు మమ్మల్ని కూడా గడ్డకట్టిస్తారా?"

జనం నవ్వారు. మా ఇరవై రెండిళ్ల వాళ్లూ ఇంట్లో ఉన్న గొంగళ్లన్నీ మోసుకొచ్చారు. పెద్ద గిన్నెలతో వేడి అంబలి తెచ్చారు.

శనివారం

రాలేదు.

గాలి లేదు, ఆకాశం శుభ్రంగా ఉంది, అన్నీ కుదిరాయి. అయినా లోయ అడుగు దాకా ఖాళీగా కనబడింది. సూర్యుడు వచ్చాడు. తొమ్మిది వందల మంది ఏమీ అనలేదు.

తర్వాత తిట్టారు. పొద్దున తీగబండ్లలో ఆరు వందల పదిహేను మంది దిగిపోయారు. పెళ్లిరోజు ఆవిడ కూడా.

ఎందుకు రాలేదో తొమ్మిదింటికి తెలిసింది. బొంజన్న బెంచీ మీద కూలబడి, ఉలిక్కిపడి లేచాడు.

"సెల్లీ, ఇది ఎచ్చగా ఉందేటి?"

వేడి తీగలు శుక్రవారం సాయంత్రం వాటంతటవే వెలిగేలా తొమ్మిదేళ్ల కింద నేనే పెట్టాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆపాల్సిన అవసరం రాలేదు, అందుకని అలా పెట్టిన సంగతే మర్చిపోయాను. పంకాలు ఆపాను గానీ, కొండ అంచు పొడుగునా పొయ్యి వెలిగించి మంచుని రమ్మని పిలిచాను. తప్పు నాది. కొండది కాదు.

హేమచందర్ గారికి ఆ మాటే చెప్పాను. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి, పైవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారట.

"మధ్యాహ్నం బండిలో కొత్త పిడి వస్తోంది. రేపు ఐదున్నర దాకా చూస్తాను. అప్పటికి మబ్బు లేకపోతే చక్రం నేనే తిప్పుతాను. ఇంతకంటే నా వల్ల కాదు."

"సాలు బాబూ."

బొంజన్న వేడి తీగల వైర్లు పీకేశాడు. తర్వాత ఇంకేం మర్చిపోయామా అని ఇద్దరం కొండంతా తిరిగాం. టీకొట్టు ఫ్రిజ్ వెనక చిన్న పంకా, మెట్ల పక్క దీపాలు, ఆఫీసు ఏసీ, అన్నీ ఆపించాం. మిగిలిన మూడు వందల పన్నెండు మందికీ చెప్పాను, బెంచీలు ఈసారి చల్లగా ఉంటాయని. మాణిక్యాంబ గారు అందరికంటే ముందు వెళ్లి గొంగళి కప్పుకుని కూర్చున్నారు.

"ఎనభై ఏళ్లు వెచ్చగానే ఉన్నాను. ఒక్కరోజుకి ఏం కాదులే" అన్నారు.

ఆదివారం

నాలుగున్నరకి అందరూ అంచున కూర్చున్నారు. నేను మంచుగది గుమ్మంలో. హేమచందర్ గారు కొత్త పిడి ఒళ్లో పెట్టుకుని చక్రం పక్కన.

ఐదైంది. లోయ ఖాళీ. ఐదుంబావు. ఖాళీయే. ఆయన నా వైపు చూడలేదు, గడియారం వైపే చూశారు. ఐదూ ఇరవై ఐదుకి లేచి పిడి చక్రానికి తగిలించారు. నేను కళ్లు మూసుకున్నాను. నా నడుముకి ఉన్న పాత పిడి బండరాయిలా బరువెక్కింది.

"చిలకమ్మ గారూ" అన్నారు. "ఇక్కడ కళ్లద్దాలు తడుస్తున్నాయి."

మంచు లోయలోంచి వస్తుందని అందరం అటే చూస్తున్నాం. అది మా వెనక నుంచి, అమ్మ వాళ్ల తోపులోంచి వచ్చింది. చప్పుడు లేకుండా వచ్చి మంచుగదినీ, బెంచీలనీ, మూడు వందల పన్నెండు మందినీ ఒక్కసారి మింగేసింది. మబ్బుల సముద్రం కాళ్ల కింద కాదు, నెత్తి మీద దాకా ఉంది. ఎవరికీ ఏమీ కనబడలేదు. ఫోటో తీసుకోవడానికి లేదు. సూర్యుడు ఎటునుంచి వచ్చాడో కూడా తెలీలేదు.

"ఏమీ కనబడట్లేదండీ!" అని ఎవరో అరిచారు.

"కళ్లు మూసుకో నాయనా, ఇంకా బాగుంటుంది!" అని మాణిక్యాంబ గారి కేక.

అప్పుడు చుక్కలు మొదలయ్యాయి. ముందు ఒక చెట్టు, తర్వాత పది, తర్వాత అడవంతా. మనుషులు గొంగళ్లలోంచి చేతులు బయటపెట్టి పట్టుకున్నారు. ఎవరూ "ఆ" అనలేదు. ఒక తండ్రి కూతురితో గుసగుసగా చెప్పడం వినబడింది, ఇది చెట్లు తాగుతున్న చప్పుడమ్మా అని. హేమచందర్ గారు పిడి వదిలేసి బయటికొచ్చి నిలబడ్డారు. జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయింది.

ఎనిమిదింటికి మంచు విడిచింది. ఆయనే నాతో గెడ్డ దాకా నడిచి కొలకర్ర తనే దింపారు. 26. ఈ పుస్తకంలో ఆదివారం కొలత పెరగడం ఇదే మొదటిసారి. వెనక్కి తిప్పి తొమ్మిదేళ్లూ చూశాను.

"నెలాఖరు దాకా యంత్రాలు ఆపుతున్నానని రాస్తాను. ఆ తర్వాత ఏమంటారో పైవాళ్ల ఇష్టం" అన్నారు. "ఆరు వందల మంది ఫిర్యాదులు కూడా రాస్తాను. దాచను."

"దాయకండి. ఆ పెళ్లిరోజు ఆవిడ ఊరూ పేరూ ఉంటే ఇయ్యండి. నా వంతు రాసిస్తాను, మళ్లీ రమ్మనండి."

"కొండవాళ్లకి కూడా వంతు ఉందా?"

"ఉంటాది బాబూ. మేం ఎప్పుడూ వాడనేదు."

పుస్తకం తీసుకుని తిరగేశారు. అంచుల్లో నేను రాసిందంతా చదివారు. పక్కన పెన్సిలూ స్కేలూ ఉంటే తీసుకుని, ఈ వారం పేజీలోనే మూడు గళ్ల కింద నాలుగు గీతలు గీశారు. కాస్త వంకరగా వచ్చాయి. "వారానికి ఒక్కరు, కొలవడానికి మాత్రమే. దీనికి అనుమతి నేను తెస్తాను" అన్నారు.

43వ వారం, సోమవారం

వచ్చినవాళ్లు ఒకరు. యంత్రాలు సున్నా. ఊట 27.

ఇవాళ సంతకి వెళ్లలేదు. ఐదింటికి తోపులో అమ్మ నాటిన నేరేడు కింద కూర్చున్నాను. ఐదూ పదికి మంచు వచ్చింది. వచ్చిందమ్మా అని చెప్పాను. ఆకుల మీంచి నీళ్లు ఈ పేజీ మీద పడ్డాయి, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.